ఊరంతా మీ కాపీలే.. మీ దగ్గర ఒక్కటీ లేదు!

సర్టిఫికెట్లు, ఆధార్, ప్రాజెక్టు ఫైళ్లు.. పోగొట్టుకోవడం ఒక ప్రమాదం, అందరి చేతుల్లో పడటం మరో ప్రమాదం. మన విద్యార్థులు ఈ రెండింటికీ ఒకే అలవాటుతో తలుపులు తెరుస్తున్నారు.

ఒక చిన్న ప్రశ్న. మీ పదో తరగతి మెమో స్కాన్ కాపీ ఈ నిమిషంలో ఎక్కడుంది? ఫోన్ తీసి రెండు నిమిషాల్లో చూపించగలరా?

చాలామంది ముందు గ్యాలరీలో వెతుకుతారు. తర్వాత వాట్సాప్‌లో 'మెమో' అని కొట్టి చూస్తారు. దొరికింది మసకగా ఉంటుంది, లేదా అంచు తెగి ఉంటుంది. మెయిల్ తెరుద్దామంటే పాస్‌వర్డ్ గుర్తుండదు. ఆఖరికి పక్కనున్న దోస్తు అంటాడు: "మొన్న చౌరస్తా కాడ నెట్ సెంటర్ల అప్లై చేసినవు కదరా, ఆ అన్న సిస్టమ్‌ల ఉంటది చూడు."

నిజమే, అక్కడ ఉంటుంది. అసలు సమస్య కూడా అదే. హన్మకొండ చౌరస్తాలోనో, కేయూ క్రాస్‌రోడ్డులోనో, కాజీపేటలోనో ఎవరి కంప్యూటర్‌లోనో మీ మెమో ఉంది, ఆధార్ ఉంది, సంతకం ఉంది, పాస్‌పోర్ట్ సైజు ఫొటో ఉంది. జిరాక్స్ షాపు వాట్సాప్‌లో ఉంది. క్లాస్ గ్రూపులో ఉంది. ముక్కూమొహం తెలియని కన్సల్టెన్సీ మెయిల్‌లో ఉంది. కానీ నోటిఫికేషన్ చివరి రోజు రాత్రి పదకొండు గంటలకు మీకు కావాల్సి వస్తే మాత్రం మీ దగ్గర లేదు.

కాపీలు ఎన్ని ఉంటే అంత భద్రం అనుకుంటాం. అది సగం నిజం. మీ అదుపులో ఉన్న కాపీని బ్యాకప్ అంటారు. మీ అదుపులో లేని కాపీ లీకు కిందే లెక్క. మొదటిది పెంచుకోవాలి, రెండోది తగ్గించుకోవాలి. మనం సరిగ్గా తిరగేసి చేస్తున్నాం.

వరద, వైరస్.. రెండూ మనం చూసినవే

'నాకేం అవుతుందిలే' అనే ధీమా వరంగల్ వాళ్లకు ఉండకూడదు. 2020 ఆగస్టులో నగరం మునిగింది. 2023 జులై ఆఖర్లో మళ్లీ మునిగింది. హన్మకొండలో నయీంనగర్ నాలా పొంగింది, వరంగల్ వైపు ఎన్టీఆర్ నగర్, ఎస్‌ఆర్ నగర్ లాంటి కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అదే జులై 27న పక్కనే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మీదికి వాగు వచ్చి పడితే, జనం ఇళ్లపైకి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. 2025 అక్టోబర్‌లో మొంథా తుపాను వానకు నగరంలో కాలనీలు మరోసారి జలమయమయ్యాయి.

ఇలాంటి రాత్రి ఎవరూ సర్టిఫికెట్ల ఫైలు గుర్తు పెట్టుకొని బయటికి పరుగెత్తరు. పరుగెత్తకూడదు కూడా. పిల్లలు, ముసలివాళ్లు, ఆ తర్వాత ఫోను. ఇనుప పెట్టెలో అడుగున ఉన్న ప్లాస్టిక్ ఫోల్డర్ నీళ్లు తగ్గాకే గుర్తొస్తుంది. డూప్లికేట్ తెచ్చుకోవచ్చు, దానికి దారి ఉంది. కానీ పోలీసు ఫిర్యాదు, అఫిడవిట్, ఫీజు, బడి హెడ్‌మాస్టర్ సంతకం, బోర్డు ఆఫీసు.. ఇదంతా తిరిగేలోపు సర్టిఫికెట్ వెరిఫికేషన్ తేదీ దాటిపోవచ్చు. స్పష్టమైన స్కాన్ కాపీ ఒకటి ఉంటే కనీసం హాల్‌టికెట్ నంబర్, మెమో నంబర్, సంవత్సరం చేతిలో ఉంటాయి. పని సగం తేలికవుతుంది.

తెలంగాణలో ఇంకో కాగితం ఉంది, దాని విలువ దరఖాస్తు రోజున గానీ తెలియదు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఏడేళ్లలో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి మీ స్థానికత తేలుతుంది. దానికి స్టడీ సర్టిఫికెట్లు కావాలి. మీరు మూడో తరగతి చదివిన ప్రైవేటు బడి ఇప్పటికీ నడుస్తోందా? మూతపడిన బడి నుంచి బోనఫైడ్ తేవడం ఎంత తిప్పలో తిరిగిన వాళ్లను అడగండి. ఒక్కసారి చేతికొచ్చిన కాగితాన్ని స్కాన్ చేయకుండా వదిలేయడం అంటే ఆ తిప్పలను మళ్లీ పిలవడమే.

ఇక వైరస్ సంగతి. 2019 మే మొదట్లో తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ఆగిపోయాయి. ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. అంటే కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, తాళంచెవి కావాలంటే డబ్బు కట్టమనడం. దాడికి గురైన వాటిలో మన ఉత్తర తెలంగాణకు కరెంటు ఇచ్చే ఎన్‌పీడీసీఎల్ కూడా ఉంది. దాని ప్రధాన కార్యాలయం హన్మకొండలోనే. ఎప్పుడూ బిల్లు కట్టే సైటు తెరుచుకోక వినియోగదారులు ఇబ్బంది పడ్డారు. అధికారులు అప్పట్లో జనానికి చెప్పగలిగిన ధైర్యం ఒక్కటే: డేటాకు బ్యాకప్ ఉంది.

అలా చెప్పలేని వాళ్ల పరిస్థితి చూడండి. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడింది. ప్రభుత్వ ఉద్యోగులు తమ పని ఫైళ్లు దాచుకునే 'జీ-డ్రైవ్' అందులోనే ఉంది. 858 టెరాబైట్లు. మరీ పెద్దది కాబట్టి వేరేచోట బ్యాకప్ పెట్టలేదన్నారు. మొత్తం బూడిదైంది. ప్రపంచంలోనే వేగవంతమైన ఇంటర్నెట్ ఉన్న దేశాల్లో ఒకటి, చిప్‌లు తయారుచేసే దేశం. అక్కడే ఇలా జరిగితే, పగిలిన స్క్రీన్ ఫోన్‌లో జీవితమంతా పెట్టుకొని తిరిగే మనకు ధీమా ఎక్కడిది?

ర్యాన్సమ్‌వేర్ అంటే పెద్ద సంస్థల గొడవ మాత్రమే అనుకోకండి. 'స్టాప్' అనే ర్యాన్సమ్‌వేర్ కుటుంబం ఏళ్ల తరబడి మామూలు వాళ్ల ల్యాప్‌టాప్‌ల మీదే పడింది. అది ఎక్కువగా వచ్చిన దారి ఏదంటే, డబ్బులు కట్టకుండా వాడుకుందామని దించుకున్న క్రాక్ సాఫ్ట్‌వేర్. హాస్టల్‌లో ఒకరు దించి, పెన్‌డ్రైవ్‌లో పది మందికి పంచే బాపతు. ఆ సమయంలో ల్యాప్‌టాప్‌కు తగిలించి ఉన్న హార్డ్‌డిస్క్ కూడా తాళంలో పడుతుంది. ఫైనలియర్ ప్రాజెక్టు కోడ్, రిపోర్టు, డేటా ఒకే దెబ్బకు పోతాయి. యూరోపోల్, డచ్ పోలీసులు 2016లో మొదలుపెట్టిన 'నో మోర్ ర్యాన్సమ్' సైటులో కొన్ని రకాలకు ఉచితంగా తాళంచెవులు దొరుకుతాయి. మీకు తగిలిన రకానికి ఉందో లేదో మాత్రం అదృష్టం. అదృష్టాన్ని బ్యాకప్ అనరు.

ఇవి బ్యాకప్ కావు

బ్యాకప్ ఉందా అని అడిగితే అందరూ ఉందనే అంటారు. విడమరిచి అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. నాలుగూ బ్యాకప్ కాదు.

మొదటిది, 'వాట్సాప్‌లో నాకు నేనే పంపుకున్నా'. ఫోన్ పోయినా, మార్చినా, చాట్ బ్యాకప్ సరిగా తిరిగి రాకపోతే ఫైల్ పేరు కనిపిస్తుంది, ఫైల్ తెరుచుకోదు. పైగా ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది.

రెండోది, 'గూగుల్ ఫొటోస్‌లో ఉంది'. అది సింక్. ఫోన్‌లో స్థలం చాలట్లేదని ఆ యాప్‌లోనే మెమో ఫొటో తీసేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది. కొన్నాళ్లు ట్రాష్‌లో ఉండి మాయమవుతుంది. సింక్ అద్దం లాంటిది. ఇటు చెరిపితే అటూ చెరుగుతుంది.

మూడోది, 'కాలేజీ మెయిల్ డ్రైవ్‌లో పెట్టా'. కోర్సు అయిపోయాక ఆ ఖాతా ఎన్నాళ్లు ఉంచాలో కాలేజీ ఇష్టం. నాలుగేళ్ల ప్రాజెక్టులు, సిఫార్సు లేఖలు అందులోనే ఉంటే, డిగ్రీ చేతికి రాకముందే వాటిని సొంత ఖాతాలోకి తెచ్చుకోండి. సొంత ఖాతా అన్నా కూడా ఊరికే వదిలేయకూడదు. రెండేళ్ల పాటు అసలు వాడని ఖాతాలను తొలగించే విధానం గూగుల్‌కు ఉంది. ఎంసెట్ కోసం తెరిచి వదిలేసిన ఆ పాత మెయిల్ ఐడీ గుర్తుందా?

నాలుగోది, 'పెన్‌డ్రైవ్‌లో ఉంది, బ్యాగులోనే ఉంటది'. ల్యాప్‌టాప్, పెన్‌డ్రైవ్, ఒరిజినల్ సర్టిఫికెట్లు మూడూ ఒకే బ్యాగులో. ఆ బ్యాగు కాజీపేట జంక్షన్‌లో రైల్లో మర్చిపోతే లెక్క సున్నా.

'డిజిలాకర్ ఉంది కదా' అనే వాళ్లూ ఉన్నారు. మంచి మాట. 2015 నుంచి ఉన్న ఈ సర్కారీ సేవ నిజంగా పనికొచ్చేది. బోర్డో, యూనివర్సిటీయో నేరుగా జారీ చేసి అందులో ఉంచిన పత్రాలకు చట్టప్రకారం ఒరిజినల్‌తో సమానమైన విలువ ఉంది. కానీ మీరు సొంతంగా ఎక్కించిన స్కాన్‌కు ఆ విలువ లేదు. 'ఇష్యూడ్', 'అప్‌లోడెడ్' అనే రెండు అరల తేడా అదే. పైగా మీ పాత ఇంటర్న్‌షిప్ లెటర్, మూతపడిన బడి బోనఫైడ్, ప్రాజెక్టు కోడ్ ఏ సంస్థా అందులో పెట్టదు. ఇంకో చిక్కు: లోపలికి వెళ్లాలంటే సాధారణంగా మీరు లింక్ చేసిన మొబైల్ నంబర్‌కు ఓటీపీ రావాలి. ఇంటర్‌లో వాడిన సిమ్ పడేసి కొత్తది తీసుకున్న వాళ్లు ఆ లింక్ మార్చారా? డిజిలాకర్ వాడండి. దాన్నే నమ్ముకొని కూర్చోకండి.

ఒక ఆదివారం చాలు

బ్యాకప్‌కు పాత సూత్రం ఒకటుంది: మూడు, రెండు, ఒకటి. మూడు కాపీలు ఉండాలి. అవి రెండు రకాల పరికరాల మీద ఉండాలి. ఒకటి వేరే ఊళ్లోనో, వేరే చోటో ఉండాలి. పెద్ద కంపెనీలూ ఇదే పాటిస్తాయి. హాస్టల్ విద్యార్థికీ ఇది సరిపోతుంది.

మెమోలు, టీసీ, కులం, ఆదాయం, స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్, పాన్, బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీ, ఫొటో, సంతకం.. అన్నీ కలిపి ఇరవై ఫైళ్లు అనుకుందాం. ఒక్కోటి 2 ఎంబీ అయినా మొత్తం 40 ఎంబీ. ఒక సినిమా పాట వీడియో అంత. దీనికి స్థలం లేదనడం సాకే.

ముందు స్కాన్ సరిగ్గా చేయండి. 300 డీపీఐలో, రంగుల్లో, నాలుగు అంచులూ కనిపించేలా, వెనకవైపు ముద్ర ఉంటే అది కూడా. దీన్ని అసలు కాపీగా ఉంచి ముట్టుకోకండి. దరఖాస్తు సైటు '50 కేబీ లోపు' అంటే దీని నుంచి చిన్న కాపీ చేసుకోండి. చాలామంది అసలుదాన్నే కుదించేసి, నాలుగు నెలల తర్వాత ఇంకో సైటు పెద్ద సైజు అడిగితే మళ్లీ జిరాక్స్ షాపుకు పరుగెడుతున్నారు. ఫైల్ పేరు కూడా 'స్కాన్ 0037' అని కాకుండా ఏ సర్టిఫికెట్టో, ఏ సంవత్సరమో తెలిసేలా పెట్టండి.

తర్వాత మొదటి కాపీ మీ ల్యాప్‌టాప్‌లోనో, ఫోన్‌లోనో. రెండోది పెన్‌డ్రైవ్‌లో, దాన్ని ఊళ్లో అమ్మానాన్నల దగ్గర బీరువాలో పెట్టండి. హాస్టల్ గదిలో కాదు. మూడోది మీ సొంత క్లౌడ్ ఖాతాలో. ఆధార్, పాన్, బ్యాంకు లాంటి ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో, క్లౌడ్‌లో పెట్టేముందు పాస్‌వర్డ్‌తో మూట కట్టండి. సెవెన్-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గట్టి ఎన్‌క్రిప్షన్ ఉంది. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే మీకూ తెరుచుకోదు, ఏ సర్వీస్ సెంటరూ తెరవలేదు. అందుకే దాన్ని ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. పెన్‌డ్రైవ్ ఉన్న పెట్టెలో మాత్రం కాదు.

క్లౌడ్ ఖాతాకు టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. పెట్టుకున్న వాళ్లు మరిచే పని ఇంకొకటుంది. ఫోన్ పోతే ఓటీపీ కూడా పోతుంది, అప్పుడు మీ ఖాతాకు మీరే పరాయివాళ్లు. అలాంటి రోజు కోసమే బ్యాకప్ కోడ్‌లు ఇస్తారు. వాటిని ప్రింట్ తీసి ఇంట్లో పెట్టండి.

అన్నింటికంటే ముఖ్యం, ఆర్నెల్లకోసారి తెరిచి చూడటం. బొమ్మల సినిమాలు తీసే పిక్సార్ సంస్థలో 1998లో 'టాయ్ స్టోరీ 2' ఫైళ్లలో చాలా భాగం పొరపాటున చెరిగిపోయాయి. బ్యాకప్ ఉందిగా అని దాన్ని తెరిస్తే అది చాలాకాలంగా సరిగ్గా పనిచేయడమే లేదని తేలింది. పసిబిడ్డను చూసుకుంటూ ఇంటి నుంచి పనిచేస్తున్న ఒక ఉద్యోగిని దగ్గరున్న కంప్యూటర్‌లోని కాపీతో సినిమా బతికింది. పెన్‌డ్రైవ్‌లూ అంతే. ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా పడుంటే వాటిలోని డేటా చెడిపోవచ్చు. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడోసారి, బతుకమ్మకు వెళ్లినప్పుడోసారి తగిలించి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. తెరవని బ్యాకప్‌ను నమ్మలేం.

ఇప్పుడు రెండో తలుపు

ఇంతవరకు చెప్పింది పోకుండా చూసుకోవడం. పొక్కకుండా చూసుకోవడం ఇంకా కష్టం. ఎందుకంటే ఉద్యోగ ప్రయత్నం అంటేనే కాగితాలు పంచడం.

'నా ఆధార్‌తో ఎవడేం చేస్కుంటడు, నా ఖాతాల ఐదొందలు గూడ లేవు' అని నవ్వేస్తారు. దొంగకు కావాల్సింది మీ ఐదొందలు కాదు, మీ పేరు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి దొరికిపోయాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించే భూమి పత్రాల నుంచి ఆధార్ నంబర్లు, వేలిముద్రలు తీసుకొని, రబ్బరు స్టాంపుల్లా అచ్చులు చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు తేల్చారు. ఆ రైతుల ఖాతాల్లో ఎంతుందో అతనికి అక్కర్లేదు. టార్గెట్ పూర్తిచేయడానికి వాళ్ల గుర్తింపు చాలు. మీ పేరిట తీసిన సిమ్‌తో ఎవరినైనా మోసం చేస్తే పోలీసులు ముందు మీ తలుపే తడతారు. పోలీసు వెరిఫికేషన్ ఉండే ఉద్యోగం కోసం చూస్తున్న వాళ్లకు ఇది ఎంత పెద్ద దెబ్బో వేరే చెప్పాలా?

మీ పేరున ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ 'సంచార్ సాథీ' పోర్టల్‌లో చూసుకోవచ్చు. మీది కాని నంబర్ కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. ఈ వ్యాసం చదివాక చేయాల్సిన మొదటి పని ఇదే.

ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా అని ధైర్యంగా పంపేస్తుంటారు. ఆ పాస్‌వర్డ్ ఏమిటి? ఇంగ్లిష్‌లో మీ పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఈ రెండూ మీ రెజ్యూమెలోనే ఉన్నాయి. తాళంచెవిని తలుపుకే వేలాడదీసినట్టు. అందుకే ఎక్కడైనా ఆధార్ అడిగితే ముందు మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. వాడనప్పుడు బయోమెట్రిక్‌కు ఉడాయ్ సైటులో లాక్ వేసుకోండి. జిరాక్స్ ఇవ్వక తప్పకపోతే దాని మీద ఏ పనికి, ఏ తేదీన ఇస్తున్నారో రాసి అడ్డంగా సంతకం పెట్టండి.

రెజ్యూమె విషయంలో ఇంకో మాట. ఫ్రెషర్ల రెజ్యూమెల్లో ఇప్పటికీ తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబర్‌తో సహా చిరునామా ఉంటున్నాయి. కొందరు ఆధార్, పాన్ నంబర్లు కూడా రాస్తున్నారు. సీనియర్ ఇచ్చిన పాత ఫార్మాట్‌ను అలాగే నింపేయడం వల్ల వచ్చిన తెగులు ఇది. మొదటి వడపోతలో కంపెనీకి కావాల్సింది మీకేం వచ్చు, మిమ్మల్ని ఎలా సంప్రదించాలి అనే రెండే. మిగతావి ఆఫర్ లెటర్ వచ్చాక, ఆ సంస్థ నిజమైనదే అని తేలాక. ఇంటర్వ్యూ కూడా లేకుండా 'సెలెక్ట్ అయ్యారు, పాన్, ఆధార్, క్యాన్సిల్డ్ చెక్ పంపండి' అన్న మెయిల్‌కు జవాబివ్వకండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

నెట్ సెంటర్ మానేయమని చెప్పడం తేలిక. ల్యాప్‌టాప్ లేనివాళ్లకు, దరఖాస్తు నింపడం రానివాళ్లకు అదే దిక్కు. ఆ అన్నలు లేకపోతే చాలామంది దరఖాస్తులే చేయలేరు. కాబట్టి వెళ్లండి, కానీ లేచే ముందు రెండు నిమిషాలు ఆగండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో, డెస్క్‌టాప్ మీద మీ ఫైళ్లు చెరపండి. రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి. మెయిల్ లాగౌట్ చేయండి. వాట్సాప్ వెబ్ తెరిస్తే మీ ఫోన్‌లో 'లింక్డ్ డివైజెస్' చూసి అక్కడ నుంచి తీసేయండి. ఇలాంటి కంప్యూటర్లలో ఈ-ఆధార్ దించుకోవద్దని, దించితే పూర్తిగా చెరిపేయాలని ఉడాయ్ కూడా చెబుతూనే ఉంది. "అన్నా, నా ఫైళ్లు తీసేస్తున్న" అని చెప్పడానికి మొహమాటం ఎందుకు? మీ కాగితాలు మీవి.

తప్పంతా విద్యార్థిదేనా?

కాదు. ఇక్కడ కాలేజీలను, కోచింగ్ సెంటర్లను, సర్కారును అడగాల్సినవి చాలా ఉన్నాయి.

2022 అక్టోబర్ 16న దాదాపు 2.85 లక్షల మంది గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశారు. 2023 మార్చిలో టీఎస్‌పీఎస్సీ కాన్ఫిడెన్షియల్ విభాగం కంప్యూటర్ నుంచి ప్రశ్నపత్రాలు బయటికి వెళ్లాయని తేలింది. లోపలి మనుషులే, ఒక పెన్‌డ్రైవ్‌లో. మార్చి 17న ఆ ప్రిలిమ్స్ రద్దయింది. దాంతోపాటు ఏఈఈ, డీఏవో పరీక్షలు రద్దయ్యాయి, అంతకుముందే ఏఈ పరీక్ష రద్దయింది. అశోక్‌నగర్ గదుల్లో, హన్మకొండ లైబ్రరీల్లో కూర్చొని చదివిన వాళ్ల ఏళ్లు నీళ్లపాలయ్యాయి. గ్రూప్-1 మళ్లీ పెట్టారు, అదీ కోర్టులో నిలవలేదు. కొత్త నోటిఫికేషన్‌తో మరోసారి ప్రిలిమ్స్ జరిగింది 2024 జూన్ 9న. ఒక ఫైల్‌ను సరిగ్గా కాపాడకపోతే ఎంత మంది వయసు కరిగిపోతుందో మన తరానికి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఆ కోపం న్యాయమైనది. దాన్ని పనికొచ్చే ప్రశ్నలుగా మార్చాలి. ప్లేస్‌మెంట్ పేరుతో రెండొందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో ఆధార్, మెమోలు పెట్టమంటే 'ఎందుకు మేడమ్, విడిగా పంపే దారి లేదా' అని అడగాలి. ఎక్సెల్ షీట్‌లో అందరి ఫోన్ నంబర్లు, పుట్టిన తేదీలు నింపి గ్రూపులోకి వదిలితే తీసేయమనాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబర్‌లో నిబంధనలు వచ్చాయి, దశలవారీగా అమలవుతున్నాయి. మీ సమాచారాన్ని చెప్పిన పనికే వాడాలి, పని అయిపోయాక ఉంచుకోకూడదు, తొలగించమని అడిగే హక్కు మీకుంది అనేదే ఆ చట్టం సారం. అమలు పూర్తయ్యే దాకా ఆగక్కర్లేదు, అడగడం ఇప్పుడే నేర్చుకోవచ్చు.

అలాగే ఒరిజినల్స్. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కొన్ని కాలేజీలు సర్టిఫికెట్లు పట్టుకొని కూర్చోవడం తెలంగాణలో కొత్త కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబర్‌లోనే చెప్పింది. ఆ పోరాటం వేరే ఉంది. కానీ అడ్మిషన్ రోజు ఒరిజినల్స్ ఇచ్చే ముందు ప్రతి పేజీ స్కాన్ చేసి పెట్టుకోవడం ఆ పోరాటంలో మీ మొదటి ఆయుధం.

ఒక్క సూచన కాలేజీలకు. మొదటి సంవత్సరం విద్యార్థులకు ఒక పూట లైబ్రరీలో స్కానర్ ఇచ్చి, ఫైళ్లకు పేర్లు పెట్టడం, మూట కట్టడం, మూడు చోట్ల దాచడం చేతితో చేయించండి. సెమినార్ వద్దు, పీపీటీ వద్దు. ఒక మధ్యాహ్నం చాలు. నాలుగేళ్ల తర్వాత ప్లేస్‌మెంట్ ఆఫీసు ముందు క్యూ సగం తగ్గుతుంది.

రేపు ఆ కుర్చీ మీదే

ఇదంతా సొంత కాగితాల కోసమే అనుకుంటే ఇందులో సగమే విన్నట్టు. మీలో ఒకరు బ్యాంకులో క్లర్క్ అవుతారు. ఒకరు మడికొండ ఐటీ పార్కులోనో, హైదరాబాద్‌లోనో కోడ్ రాస్తారు. ఒకరు ఎంజీఎంలాంటి ఆస్పత్రిలో రోగుల రికార్డులు చూస్తారు. ఒకరు ఏదో ఒక పరీక్షల విభాగంలో కూర్చుంటారు. ఆ రోజు మీ ముందున్న కంప్యూటర్‌లో ఉండేది మీ మెమో కాదు, వేల మందివి. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు రోగుల నమోదు కొన్ని రోజుల పాటు చేతిరాతతో సాగింది. లైన్‌లో గంటలు నిలబడింది జ్వరంతో వచ్చిన మామూలు మనుషులు.

టీకి లేచినప్పుడు స్క్రీన్ లాక్ చేయడం, పాస్‌వర్డ్ పక్కవాళ్లకు చెప్పకపోవడం, ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్ తగిలించకపోవడం, శుక్రవారం సాయంత్రం బ్యాకప్ నిజంగా తీశారో లేదో చూసుకోవడం.. ఇవి ఉద్యోగంలో చేరాక ఒక రోజు శిక్షణతో రావు. సొంత ఫైళ్ల మీద ఆ అలవాటు లేనివాళ్లకు పరాయివాళ్ల ఫైళ్ల మీద ఉండదు. ఇంటర్వ్యూలో 'కస్టమర్ల డేటా మీ చేతికిస్తే ఎలా చూసుకుంటారు' అని అడిగితే బట్టీ పట్టిన జవాబు చెప్పొచ్చు. 'నా సర్టిఫికెట్లను ఇలా పెట్టుకున్నాను సర్' అని మొదలుపెట్టే జవాబు మాత్రం చేసినవాళ్లకే వస్తుంది.

వచ్చే ఆదివారం పొద్దున ఫైళ్లు పోగేయండి. మధ్యాహ్నానికి మూడు చోట్ల పెట్టండి. సాయంత్రం ఎక్కడెక్కడ మీ కాపీలు వదిలేశారో గుర్తు తెచ్చుకొని, తీసేయగలిగినవి తీసేయండి. సోమవారానికి ఊళ్లో మీ కాపీలు కొన్ని తగ్గి ఉంటాయి, మీ దగ్గర మూడు పెరిగి ఉంటాయి.